ఘాట్ మీద హెడ్‌లైట్ ఆరిపోతే

ప్రతి శీతాకాలం దుప్పట్లు, మందులు తీసుకుని టైడా వైపు కొండ గ్రామాలకు వెళ్లే మన బండ్లలో ఎక్కువ భాగం దాతల సొంత కార్లే. కారుతో పాటు చాలామంది తామే స్టీరింగ్ పట్టుకుని వస్తారు, ఇంటిల్లిపాదినీ తీసుకువస్తారు. బయలుదేరే ముందు టైర్లలో గాలి చూస్తారు, బ్రేకులు చూపిస్తారు, ట్యాంకు నింపుతారు. హెడ్‌లైట్ల గురించి అడిగేవారు మాత్రం తక్కువ. పగలు వెళ్లి పగలే వచ్చేస్తాం కదా అన్న ధీమా ఒకటి. పట్నంలో వీధి దీపాల కింద తిరిగే కారుకు ఒక లైటు పోయినా నెలల తరబడి తెలియదన్నది రెండోది. అది తెలిసేది టైడా దగ్గర, చీకటి పడ్డాక. అందుకే ఈ ఏడాది సంచికలో ఆ విషయాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాం. మన వాళ్లలో మెకానిక్ పని, డ్రైవింగు మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. కింద రాసిన మాటల్లో చాలావరకు వాళ్ల షెడ్లలో రోజూ వినిపించేవే.

ముందు దారి సంగతి. విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా టైడా సుమారు 75 కిలోమీటర్లు. ఎస్.కోట వరకు మైదానం. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. ఇప్పుడు ఇదంతా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా కిందికి వస్తుంది. డిసెంబరులో ఈ ప్రాంతంలో సాయంత్రం ఐదున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. కొండ నీడ పడే మలుపుల్లో అంతకంటే ముందే మసకబారుతుంది. శిబిరం ముగించి, సామాను సర్ది, భోజనాలు చేసి, పిల్లల్ని ఎక్కించుకుని కదిలేసరికి ఎంత లేదన్నా ఆరు దాటుతుంది. అంటే దిగే దారి మొత్తం లైట్ల మీదే ఆధారపడి ఉంటుంది. మన ప్రణాళికలో ఏం రాసుకున్నా సరే, ఇది రాత్రి ప్రయాణమే.

రెండు లైట్లలో ఒకటి పోతే సగం వెలుగు తగ్గుతుంది, అంతే కదా అనుకుంటాం. నష్టం అంతకంటే పెద్దది. ఎదురుగా వచ్చే డ్రైవరుకు ఒకే దీపం కనిపిస్తే అతను దాన్ని మోటారు సైకిల్ అనుకుంటాడు. మన కుడి లైటు, అంటే రోడ్డు మధ్య వైపుది ఆరిపోయి, ఎడమది మాత్రమే వెలుగుతోందనుకోండి. అంచున ఏదో బైకు వస్తోంది, పక్కన బోలెడు చోటుందని అతను మలుపు కోసుకుంటూ వస్తాడు. అతను ఖాళీ అనుకున్న చోట మన కారు ఉంటుంది, డ్రైవరు సీటు వైపే ఉంటుంది. కనుక రెండింటిలో ఏది పోయినా ప్రమాదమే గానీ, కుడిది పోవడం ఎక్కువ ప్రమాదం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ అవసరం పడుతుంది.

మన కారు సంగతి అలా ఉంచితే, ఆ రోడ్డు మీద నడిచేవాళ్లున్నారు. సంత నుంచి, పొలం నుంచి తిరిగి వచ్చే గిరిజనులు నెత్తిన మూటతో, కట్టెల మోపుతో రోడ్డు అంచునే నడుస్తారు. ఫుట్‌పాత్ అన్నది అక్కడ లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మనం వెళ్లింది వాళ్ల ఊళ్లకు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగే కారు ఒక్క సెకనులో 8 మీటర్లకు పైగా పోతుంది. మనిషి కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ 8 మీటర్లు అయిపోతాయి. ఎడమ లైటు లేని కారుకు ఆ అంచున నడిచే మనిషి చివరి క్షణంలో గానీ కనిపించడు.

చట్టం కూడా ఊరుకోదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 105వది ఈ దీపాల గురించే. చీకటి వేళ, చాలినంత వెలుతురు లేనప్పుడు ముందు దీపాలు వెలగాలని, ఆ వెలుగులో 155 మీటర్ల ముందు దాకా రోడ్డు మీది మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించాలని అది చెబుతుంది.

ఇక లైటు పోయిందని తెలిసిన క్షణం నుంచి చెబుతాం. మలుపులో ఆపకండి. మలుపు దాటి రోడ్డు వెడల్పుగా ఉన్నచోట, ముందు నుంచీ వెనక నుంచీ వచ్చేవాళ్లకు కనిపించేలా ఆపండి. నాలుగు ఇండికేటర్లూ కలిపి వెలిగించండి. హ్యాండ్ బ్రేకు లాగి, బండి దిగుడులో ఉంటే రివర్స్ గేరు, ఎక్కుడులో ఉంటే ఫస్ట్ గేరు వేసి ఇంజన్ ఆపండి. ఆటోమేటిక్ అయితే పార్కులో పెట్టండి. వాలు వైపు చక్రానికి రాయి పెట్టండి. పిల్లల్ని కొండ వైపు దింపి కారుకు దూరంగా నిలబెట్టండి. పని అయ్యాక ఆ రాయిని తీసి పక్కన పడేసి కదలండి. ఘాట్‌లో రోడ్డు మధ్య కనిపించే రాళ్లలో చాలావరకు ఇలా ఎవరో చక్రం కింద పెట్టి మరిచిపోయినవే. వెనక వచ్చే బైకువాడికి అవి మృత్యువు. దారిలోంచి హాని చేసే వస్తువును తొలగించడం సదఖా అని మనందరం చిన్నప్పుడే విన్నాం. మనమే పెట్టిన రాయి సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు లోపం వెతకడం. చేయి పెట్టే ముందు కళ్లతో చూడండి. ఏవి వెలుగుతున్నాయి, ఏవి వెలగడం లేదు? డ్రైవర్ల మాటలో డిమ్ అంటే లో బీమ్, బ్రైట్ అంటే హై బీమ్. కారు ముందు ఒకరిని నిలబెట్టి డిమ్, బ్రైట్, పార్కింగ్, ఇండికేటర్లు ఒక్కొక్కటే వేసి చూడండి. ఈ రెండు నిమిషాల పరీక్షే సగం జవాబు చెప్పేస్తుంది. ఒక వైపు డిమ్ మాత్రమే పోయి, అదే వైపు బ్రైట్ వెలుగుతుంటే దాదాపు బల్బే. ఒక వైపు రెండూ పోతే బల్బు, హోల్డర్, ఎర్త్, ఆ వైపు ఫ్యూజు. రెండు వైపులా డిమ్ ఒకేసారి పోయి బ్రైట్ బాగుంటే బల్బుల్ని ముందుగా అనుమానించనక్కర్లేదు. స్విచ్, రిలే, ఫ్యూజు చూడాలి. అన్నీ పోయి హారన్ కూడా నీరసంగా మోగితే మీ సమస్య హెడ్‌లైటులో లేదు, బ్యాటరీ టెర్మినల్ దగ్గర ఉంది.

మన దగ్గర తిరిగే మామూలు కార్లలో చాలావాటికి హెచ్-4 అనే బల్బు ఉంటుంది. ఒకే గాజులో రెండు తీగలు, 60 వాట్లది బ్రైట్‌కు, 55 వాట్లది డిమ్‌కు. వెనక మూడు కాళ్లు ఉంటాయి. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి, ఎర్త్‌కు ఒకటి. కొన్ని కార్లలో హెచ్-7 అని ఒకే తీగ బల్బులు డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటిగా విడిగా ఉంటాయి. లైటు ఆపి, బల్బు చల్లారేదాకా ఆగి, బోనెట్ ఎత్తి, హోల్డర్ వెనక్కి లాగి, రబ్బరు టోపీ తీసి, స్ప్రింగు క్లిప్పు వదిలిస్తే బల్బు చేతికి వస్తుంది. దాన్ని ఫోన్ టార్చి వెలుగులో చూడండి. లోపలి తీగ తెగి ఉండవచ్చు. గాజు నల్లబడితే ముసలిదైంది. లోపల తెల్లగా బూడిద పట్టినట్టుంటే ఎక్కడో బీట పడి గాలి చొరబడింది. తీగ బాగానే కనిపించినా నమ్మవద్దు, మొదట్లో సన్నగా తెగితే కంటికి ఆనదు. నమ్మకమైన పరీక్ష ఒకటే. వెలుగుతున్న వైపు బల్బు తీసి ఇటు పెట్టండి. వెలిగిందా, పాతదే దోషి. వెలగలేదా, బల్బు మీద అనుమానం వదిలేయండి.

బల్బును లోహపు అంచు పట్టుకుని తీయాలి, గాజును ముట్టుకోకూడదు. హాలోజన్ బల్బు గాజు విపరీతంగా వేడెక్కుతుంది. వేలి జిడ్డు అంటిన చోట ఆ వేడి ఒకేచోట పేరుకుని గాజు పాడవుతుంది. పొరపాటున చేయి తగిలితే స్పిరిట్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి పెట్టండి. మెడికల్ క్యాంపుకు వెళ్లే బండిలో స్పిరిట్‌కు కరువుండదు! హెచ్-4 బల్బుకు మూడు రెక్కలు ఉంటాయి. అవి గాడిలో కూర్చునే తీరు ఒక్కటే. వంకరగా నొక్కి క్లిప్పు వేస్తే వెలుగుతుంది గానీ ఆ వెలుగు చెట్ల కొమ్మల మీద పడుతుంది. రబ్బరు టోపీ తిరిగి బిగించడం మరవకండి. అది లేకపోతే టైడా మంచు తేమంతా అద్దం లోపలికి చేరి రిఫ్లెక్టరు వెండి మెరుపు పోతుంది. ఒక బల్బు ఆయుష్షు తీరి పోతే దాని జోడీ కూడా అదే వయసుది కాబట్టి త్వరలోనే పోతుంది. ఊరికి వచ్చాక రెండూ కలిపి మార్చడం మంచిది.

ఫ్యూజు సంగతి తేలిక. పెట్టె మూత మీద బొమ్మ ఉంటుంది. చాలా కార్లలో ఎడమ, కుడి లైట్లకు వేర్వేరు ఫ్యూజులు. రేకు ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మధ్య తీగ తెగితే అదే రంగుది పెట్టాలి. పెట్టగానే మళ్లీ పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందని అర్థం. ఎలుక కొరికినా ఇంతే. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం లాంటి తెలివితేటలు వద్దు. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది, దాని పక్కనే పెట్రోలు పైపు ఉంటుంది.

రెండు డిమ్‌లూ ఒకేసారి పోయినప్పుడు రిలేను మార్చి చూడవచ్చు. అదే పెట్టెలో అదే నంబరు ఉన్న హారన్ రిలేనో, మరొకటో ఉంటుంది. దాన్ని తీసి ఇక్కడ పెడితే లైట్లు వచ్చాయంటే జబ్బు తెలిసింది. ఆ రాత్రికి హారన్ లేకుండా వెళ్లడం కూడా ఘాట్‌లో మంచిది కాదు, కాబట్టి అవసరం లేని వేరే రిలే దొరుకుతుందేమో ముందు చూడండి.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఎర్త్. బల్బు మారుస్తారు, ఫ్యూజు మారుస్తారు, లైటు మాత్రం గుడ్డి దీపంలా మిణుకుమంటూనే ఉంటుంది. కరెంటు బ్యాటరీ నుంచి బల్బు దాకా ఒక వైరులో వస్తుంది, తిరిగి వెళ్లడానికి కారు బాడీయే దారి. బల్బు దగ్గరి నల్ల వైరు చివర ఒక చిన్న బోల్టుతో బాడీకి బిగించి ఉంటుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ కార్లలో ఆ బోల్టు కింద తుప్పు, రాగి మీద ఆకుపచ్చ చిలుము పట్టడం మామూలే. దారి మూసుకుపోతే కరెంటు పక్కదారి వెతుక్కుంటుంది. డిమ్ తీగ గుండా వచ్చి, బ్రైట్ తీగలోకి ఎదురెక్కి, అటువైపు లైటు ద్వారా బయటపడుతుంది. దాని గుర్తులు వింతగా ఉంటాయి. డిమ్ వేస్తే ఒక వైపు రెండు తీగలూ మసకగా వెలుగుతాయి, డ్యాష్‌బోర్డు మీద బ్రైట్ నీలం గుర్తు లీలగా కనిపిస్తుంది, ఇండికేటర్ వేస్తే దాని తాళానికి హెడ్‌లైటు కూడా మినుకుతుంది. ఇలాంటి దయ్యం చేష్టలు కనిపిస్తే వెతకాల్సింది ఎర్త్ బోల్టునే. వైరింగ్ పద్ధతి కారు కారుకూ కొంత మారుతుంది, అయినా చెడిన ఎర్త్ తీరు ఇంచుమించు ఇదే.

తేల్చుకోవడానికి ఒక టెస్ట్ బల్బు చాలు. రెండు వైర్లున్న చిన్న 12 వోల్టుల బల్బు, ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా దొరుకుతుంది. ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు పట్టించి, స్విచ్ వేసి, రెండో వైరు హోల్డర్ కాళ్లకు తగిలించండి. వెలిగితే కరెంటు అక్కడి దాకా వస్తోంది. ఇప్పుడు మొదటి వైరు బ్యాటరీ ప్లస్‌కు మార్చి, రెండోది ఎర్త్ కాలుకు తగిలించండి. వెలగకపోయినా, గుడ్డిగా వెలిగినా ఎర్త్ పోయినట్టే. బోల్టు విప్పి, రింగునూ బాడీనీ ఎమరీ కాగితంతో మెరిసేలా గీకి, బిగిస్తే సరి. రాత్రివేళ బోల్టు దొరక్కపోతే ఎర్త్ కాలు నుంచి బ్యాటరీ మైనస్‌కు ఒక వైరు ముక్క గట్టిగా కట్టి దిగిపోవచ్చు. ఆ వైరు ఫ్యాను రెక్కలకు గానీ, ప్లస్ టెర్మినల్‌కు గానీ తగలకుండా చూసుకోండి.

ఇక మనవాళ్ల సరదా ఒకటుంది, 100 వాట్ల బల్బులు. ఘాట్‌లో పగలులా కనిపిస్తుందని వేయిస్తారు. 55 వాట్ల బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, 100 వాట్లది ఎనిమిదికి పైగా. కంపెనీ ఇచ్చిన సన్న వైరు, ప్లాస్టిక్ హోల్డర్ దానికోసం చేసినవి కావు. ముందు హోల్డర్ గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది, కాళ్లు వదులై ఒకరోజు గుంతలో పడగానే లైటు ఆరిపోతుంది. బోనెట్ మీద ఒక దెబ్బ కొడితే మళ్లీ వెలుగుతుంది! అలా వెలిగిందంటే లూజ్ కాంటాక్ట్ అని అర్థం, బాగైందని కాదు. హోల్డర్ తీసి చూసి, మాడి ఉంటే సిరామిక్ హోల్డర్ వేయించండి, బల్బు 60/55కే దించండి. ఎదుటివాడి కళ్లలో కొట్టే ఆ వెలుగుతో మలుపులో అతను దారి తప్పితే వచ్చి పడేది మన మీదే.

బల్బులు పదేపదే పోతుంటే, ముఖ్యంగా రెండు వైపులా, డైనమో చూపించాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటుతుంటే రెగ్యులేటరు పోయింది. అది బల్బులతో ఆగదు, బ్యాటరీని కూడా ఉడికిస్తుంది.

కొత్త కార్లలో కంపెనీ బిగించిన ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు పోతే రోడ్డు మీద చేయగలిగింది స్వల్పం. ఫ్యూజు, వెనక కనెక్టరు చూడండి, అంతే. మిగతాది షోరూము పని. హాలోజన్ కోసం చేసిన అద్దంలో బజారు ఎల్‌ఈడీ బల్బు తెచ్చి పెట్టడం మాత్రం ఈ దారికి పనికిరాదు. రిఫ్లెక్టరు కొలత దానికి కుదరక వెలుగు చెదిరిపోతుంది. పొగమంచులో ఆ చెదిరిన తెల్ల వెలుగు గోడలా కళ్లకు అడ్డం వస్తుంది. మంచులో బ్రైట్ వేసినా ఇదే జరుగుతుంది. మంచు అంటే గాలిలో వేలాడే నీటి తుంపర్లు. ప్రతి తుంపరా వెలుగును మన కళ్లకే తిప్పికొడుతుంది. అందుకే మంచులో డిమ్, ఉంటే కింది ఫాగ్ లైట్లు.

ఎంత వెతికినా లోపం దొరకలేదు, చీకటి పడింది. అప్పుడేం చేయాలి? మంచి బల్బు ఒకటే ఉండి, రెండు హోల్డర్లూ బాగుంటే దాన్ని కుడి వైపు పెట్టండి. కారణం పైన చెప్పాం. పార్కింగ్ లైట్లు రెండూ వెలిగేలా చూడండి, ఎదుటివారికి కారు వెడల్పు కొంతైనా తెలుస్తుంది. అలా మెల్లగా దగ్గరి ఊరి దాకా వెళ్లవచ్చు, విశాఖ దాకా కాదు. రెండు డిమ్‌లూ పోయి ఫాగ్ లైట్లు మాత్రమే ఉంటే, అవి కూడా బండిని సురక్షితమైన చోటికి చేర్చడానికే. ముందు బండి ఎర్రలైటు పట్టుకుని దిగిపోదామని కొందరంటారు. ఆ ముందు బండి మలుపు తిరిగిన క్షణంలో మీ ఎదుట మిగిలేది లోయే. రెండు లైట్లూ లేని కారు కదలకూడదు. మనుషుల్ని మిగతా బండ్లలో సర్దండి, మందుల పెట్టెలు దింపి అయినా సరే. కారును టైడాలో నలుగురు మసలే చోట తాళం వేసి వదిలి, పొద్దున ఎస్.కోట నుంచి ఎలక్ట్రీషియన్‌ను తీసుకుని రావచ్చు. ఇంట్లో పెద్దలు ఎదురు చూస్తారు, మర్నాడు దుకాణం తెరవాలి, ఇవన్నీ మాకు తెలుసు. అలా ఆగిపోయిన దాత ఇంటికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత, మర్నాడు కారు తెచ్చే బాధ్యత మాది. మొహమాటపడి దిగవద్దు.

ఈసారి ప్రయాణానికి రెండు కోరికలు. ముందురోజు రాత్రి కారును గోడకు అయిదారు అడుగుల దూరంలో నిలిపి డిమ్, బ్రైట్ వేసి చూడండి. గోడ మీద రెండు వెలుగు మచ్చలూ ఒకే ఎత్తులో, ఒకే తెలుపులో ఉండాలి. ఒకటి పచ్చగా, నీరసంగా ఉంటే ఆ వైపు హోల్డర్, ఎర్త్ చూపించుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. మేమూ ఫజర్ నమాజు తర్వాత బండ్లు కదిలే ముందు, ఇంకా చీకటి ఉండగానే, ఆవరణ గోడకు ఎదురుగా ఒక్కో కారునూ నిలబెట్టి చూస్తాం. దయచేసి విసుక్కోవద్దు. రెండోది, కారు ఇస్తామని పేరు రాయించేటప్పుడు నంబరుతో పాటు హెడ్‌లైట్ బల్బు రకం కూడా రాయించండి. హెచ్-4నో, హెచ్-7నో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ రకం బల్బులు, రంగు రంగుల ఫ్యూజులు, టెస్ట్ బల్బు, రెండు మూరల వైరు, ఎమరీ కాగితం ముక్క ఒక సంచిలో పెట్టి మందుల బండిలో ఉంచుతాం.